గెడ్డవలస గుడి వేలం

సీమోనుకి దేవుడిచ్చినవి రెండు. ఒకటి గొంతు. రెండోది, చదువుకున్న మనిషి భుజమ్మీద చెయ్యేసి "మీరేమంటారు సీమోనుగారూ?" అని అడిగితే కాదనలేని మొహమాటం. మొదటిదాంతో అతను శృంగవరపుకోట-విజయనగరం బస్సులో కండక్టరుగా ఉద్యోగమంతా గడిపి, గౌరవంగా రిటైరయ్యాడు. రెండోది రిటైరయ్యాక బయటపడింది. బయటపడటం పడటం ఊరి చర్చి మీద పడింది.

గొంతు సంగతి ముందు చెప్పాలి. కోట బస్సు కాంప్లెక్సులో నిలబడి అతను "ఇజీనారం, ఇజీనారం, ఇజీనారం" అని కేకేస్తే, విజయనగరంలో ఏ పనీ లేనివాళ్లు కూడా ఒక్క క్షణం ఆలోచనలో పడేవారు. అలాంటి గొంతుని దేవుడు టిక్కెట్లు కొట్టడానికి మాత్రమే ఇచ్చి ఉండడని గెడ్డవలస బాప్టిస్టు సంఘం ఏనాడో తీర్మానించి, ఏటా కోత పండగ వేలం అతని చేతిలో పెట్టింది.

పంట ఇంటికొచ్చాక వచ్చే ఒక ఆదివారం గెడ్డవలసలో కోత పండగ. సంఘస్తులందరూ పొలంలోదో పెరట్లోదో ఏదో ఒకటి తెచ్చి దేవుని బల్ల మీద పెడతారు. ధాన్యం, గుమ్మడికాయలు, కందులు, జీడిపప్పు. ఏమీ పండనివాళ్లు కోడిని తెస్తారు. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద అన్నిటికీ వేలం. దీనికి సంఘమే కాదు, ఊరంతా వస్తుంది. అమ్మవారి పండక్కి చందా వేసే రైతులే ఇక్కడ గుమ్మడికాయ మీద పోటీపడి పాడతారు. పాట ఒకరికి కొట్టేశాక సీమోను ఒక ప్రశ్న అడగాలి.

"ఇంటికా, దేవునికా?"

ఇంటికి అన్నవాడు సరుకు పట్టుకుపోవచ్చు. తప్పేం లేదు, డబ్బిచ్చి కొనుక్కున్నాడు. కాకపోతే ఏడాది పొడుగునా ఊరు అతన్ని ఆ సరుకు పేరుతోనే పిలుస్తుంది. అందుచేత అందరూ "దేవునికే" అంటారు. అలా అన్న సరుకు తిరిగి బల్ల మీదికి వెళ్తుంది, అక్కణ్ణించి గాడిపొయ్యి మీది గుండిగలోకి, మధ్యాహ్నానికి అందరి విస్తళ్లలోకి. దేవునికని ఇచ్చినదాని మీద ఇంకెవరికీ హక్కు లేదు. పూర్వం ఒక పాస్టరుగారు అలాంటి కోడినొకదాన్ని సాయంత్రం సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఆయన చేసిన ప్రసంగాలు ఒక్కటీ ఎవరికీ గుర్తులేవు. ఆ కోడి రంగు మాత్రం ఈనాటికీ చెబుతారు.

ఇక చర్చి. అది రాతి కట్టడం. గోడలు మనిషి పడుకునేంత వెడల్పు. వెనకటి కరువు కాలంలో ఒక మిషను దొర పని కల్పించడం కోసం కట్టించాడు. కూలి కింద గంజి పోసేవారట. ఆకలి మీదున్నవాళ్లు ఏ దేవుడికి మొక్కుతారని దొర అడగలేదు, వచ్చినవాళ్లూ చెప్పలేదు. అందుకని ఊళ్లో ప్రతి ఇంటికీ ఆ గోడల్లో ఒక వాటా కథ ఉంది. సున్నం గానుగ తిప్పింది మావాళ్లంటే మావాళ్లని ఇప్పటికీ తగువులాడుకుంటారు. సీమోనుతో బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్న రైతు జగన్నాధం కథ ఏమిటంటే, గుమ్మం తలుపులకీ దూలాలకీ వాడిన టేకు దుంగల్ని కోట కొండల దగ్గర్నించి లాక్కొచ్చినవి తన ముత్తాత ఎడ్లు. ఎడ్ల పేర్లు కూడా చెబుతాడు. ఎవరూ నమ్మరు, ఎవరూ కాదనరు.

2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజున ఊరంతా ఆ చర్చిలోనే తలదాచుకుంది. కమ్యూనిటీ హాలు రేకులు గాలికి లేచి పక్క ఊరి చెరువులో దిగాయి. చర్చి కప్పు మీద పెంకులు నాలుగు జారాయి, అంతే. ఆ రాత్రి జగన్నాధం గేదె ప్రసంగ వేదిక పక్కన ఈనింది. సంఘ కార్యదర్శి థామస్‌గారు మాత్రం ఆ సంగతిని మినిట్సులో రాయడానికి ఒప్పుకోలేదు.

థామస్‌గారు చెడ్డమనిషి కాదు. బ్యాంకు మేనేజరుగా రిటైరై సొంత ఊరికి వచ్చిన పెద్దమనిషి. ఖాళీగా పడున్న ఆస్తిని చూస్తే ఆయనకి నిద్రపట్టేది కాదు. పక్కనే భోగాపురంలో విమానాశ్రయం వస్తుందన్న కబురుతో హైవే పక్కన తాటిచెట్టుకి కూడా ధర పలుకుతున్న కాలం అది. విజయనగరం నుంచి దేవేంద్ర అనే కాంట్రాక్టరు రంగుల బొమ్మ పట్టుకుని వచ్చాడు. కింద షాపులు, పైన చర్చి, ఆ పైన పెళ్లిళ్ల హాలు. బొమ్మలో చర్చి ముందు తెల్లవాళ్లు కుక్కపిల్లల్ని తిప్పుకుంటున్నారు, ఉత్తరాంధ్రలో ఎన్నడూ మొలవని చెట్లు నీడనిస్తున్నాయి. సీమోను కూడా సభ్యుడిగా ఉన్న సంఘ కమిటీ ఆ బొమ్మ చుట్టూ మూగింది.

"గుమ్మం పక్కన పాలరాయి మీద కమిటీ పేర్లన్నీ బంగారపు అక్షరాల్లో వస్తాయి" అన్నారు థామస్‌గారు. తర్వాత సీమోను భుజమ్మీద చెయ్యేసి, "మీరేమంటారు సీమోనుగారూ?" అన్నారు.

సీమోను పేరు అప్పటిదాకా రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చుపడలేదు. సంతకం పెట్టేశాడు.

ఇంటికెళ్లి ఆ మాట చెప్పగానే భార్య అప్పలమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపేసింది.

"సంతకం ఎట్టేసినావా?"

"అందరూ ఎట్టినారే."

"అందరికీ మోకాళ్ల నొప్పులు లేవు. నాకున్నాయి. మేడ మీద సర్చికి నన్నెవుడు మోసుకెల్తాడు, మీ థామసుబాబా?"

"లిఫ్టు ఎడతారంట."

"కరెంటు పోతే దేవుడికీ ఇంటికీ మజ్జిన ఏలాడాలేటి నాను?"

లిఫ్టు ఎక్కిన అనుభవం సీమోనుకి ఒకే ఒక్కసారి, అది కూడా విశాఖపట్నం పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో. అప్పలమ్మ చేట కింద పెట్టి, గొంతు తగ్గించి అంది. "తుపాను నాడు ఆ గోడకి ఈపు ఆనించి తెల్లార్లూ కూకున్నాను. గాలి రంకెలేస్తంటే గోడ కదిలిందేమో సెప్పు. ఆ గోడ పడగొట్టమని నా మొగుడు సంతకమెట్టినాడంటే నాను ఊళ్లో తలెత్తుకోవాలా?"

ఆ రోజు నుంచి ఆవిడ అన్నం వడ్డించేది, మాట వడ్డించేది కాదు. కొన్నాళ్లు పోయాక సీమోనుకి తెలిసొచ్చింది, తనకి కూడా ఆ చర్చి కావాలని. కాని సంతకం పెట్టిన చెయ్యి తనదే. మాట వెనక్కి తీసుకుంటానని థామస్‌గారి దగ్గరికి రెండుసార్లు బయల్దేరాడు. రెండుసార్లూ ఆయన కుర్చీ వేసి కాఫీ ఇప్పించారు. కాఫీ తాగి వచ్చేశాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. సంఘంలో సగానికి పైగా, రైతులు దాదాపు అందరూ చర్చి ముందు టెంటు వేసి రిలే నిరాహార దీక్షకి కూర్చున్నారు. పొద్దున దీక్షలో ఉన్నవాళ్లు మధ్యాహ్నం భోంచేసేవారు, మధ్యాహ్నం కూర్చున్నవాళ్లు పొద్దున్నే తినొచ్చేవారు. అయినా దీక్ష దీక్షే. కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చారు. పాత కట్టడాల జాబితాలో మీ చర్చి లేదు కనక అది పాతది కాదని ఎక్కడినుంచో జవాబొచ్చింది.

థామస్‌గారు ఒకరోజు టెంటు ముందు ఆగి జగన్నాధాన్ని అడిగారు. "చర్చి సంఘానిది. మధ్యలో మీకేమిటండీ?"

"మా ముత్తాత దుంగలు లాగినాడు బాబూ."

"లాగితే? కూలి పుచ్చుకున్నాడు కదా."

"గంజి పుచ్చుకున్నాడు. ఆ గంజి వరసలో మీ ముత్తాత మావోడి ఎనకాల నిలబడ్డాడంట. అప్పటికింకా ఆయన కూడా మా దేవుడికే దండమెడుతున్నాడు."

టెంటులో నవ్వు లేచింది. థామస్‌గారు గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

ఇంత తెలివైన మనిషీ చివరికి ఒక పొదుపు చేశారు. పడగొట్టే ముందు పాత తలుపులు, దూలాలు, పెంకులు వేలం వేయాలి కదా. దానికి వేరే షామియానా, వేరే మైకు, వేరే వంట ఎందుకని, కోత పండగ వేలం అయిన వెంటనే అదే షామియానా కింద, అదే మైకులో, అదే సీమోను చేత ఆ వేలమూ వేయించాలని నిర్ణయించారు. బ్యాంకు లెక్కలో ఇది అక్షరాలా సరైన నిర్ణయం. గెడ్డవలసలో పుట్టి కూడా, ఆ ఊరి లెక్క వేరని ఆయనకి తోచలేదు.

2015 కోత పండగ నాడు గుమ్మడికాయలు, కందులు, కోళ్లు అన్నీ ఎప్పట్లాగే పాటకి వెళ్లాయి, ఎప్పట్లాగే దేవునికి తిరిగొచ్చాయి. గాడిపొయ్యి రాజుకుంది. అప్పుడు థామస్‌గారు సైగ చేశారు. సీమోను గొంతు సవరించుకున్నాడు. ముందు వరసలో కుర్చీలో దేవేంద్ర, చేతికి ఎర్ర తాడు, నుదుట బొట్టు. వచ్చే నెల్లో శంకుస్థాపనకి ముహూర్తం కూడా పెట్టించేశాడు. ఆ పక్కన విజయనగరం పాత సామాన్ల వ్యాపారి ఒకాయన. వెనక ఊరంతా, దీక్షా శిబిరంతో సహా.

"గుమ్మం తలుపులు, జత" అన్నాడు సీమోను. మైకు లేకపోయినా వినపడేది.

వ్యాపారి పాడాడు. జగన్నాధం పాడాడు. చర్చి పోతే పోయింది, ముత్తాత లాగిన టేకు ఊరు దాటకూడదని, పశువుల శాలకైనా బిగించుకుంటానని అతను ముందే ఇంట్లో చెప్పి వచ్చాడు. పాట మేక ధర దాటింది, దూడ ధర దాటింది, పాడిగేదె ధర దగ్గర వ్యాపారి తల అడ్డంగా ఊపి తప్పుకున్నాడు.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. జగన్నాధం బావకి కొట్టేసినాం" అని, ఏళ్ల తరబడి నోటికి అలవాటైన ఊపులో, ఏం అంటున్నాడో తనకే తెలియకుండా సీమోను అడిగేశాడు. "ఇంటికా, దేవునికా?"

జగన్నాధానికీ అదే అలవాటు. "దేవునికే" అన్నాడు.

అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పలమ్మ పక్కన కూర్చున్న ముసలి దాలమ్మ గట్టిగా అంది.

"అయితే మరి ఆ తలుపు ఎవులూ ఊడదియ్యకూడదు కదేటే?"

థామస్‌గారు వేదిక ఎక్కి సీమోను చెవిలో అన్నారు. "ఆ ప్రశ్న అడక్కండి. ఇది కూరగాయ కాదు. వీటికి ఆ ఆచారం వర్తించదు. తర్వాతి పాట మామూలుగా పెట్టండి. సరేనా సీమోనుగారూ?" చెయ్యి భుజమ్మీద వేశారు.

మొదటిసారి నోరు జారింది, దాన్ని ఎవరైనా క్షమిస్తారు. ఇప్పుడు జారదు. ఇప్పుడు అడిగితే తెలిసి అడిగినట్టే. కమిటీలో కుర్చీ, బంగారపు అక్షరాలు, కాఫీ, "గారు" అన్న పిలుపు, అన్నీ ఈ ఒక్క మాటతో పోతాయి. అడక్కపోతే దూలాలు పోతాయి. సీమోను అప్పలమ్మ వైపు చూశాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. చర్చి గోడ వైపు చూస్తోంది.

"నడిమి దూలాలు" అని మొదలెట్టాడు సీమోను. ఆడవాళ్ల పొదుపు సంఘం తరపున దాలమ్మ పాడింది. వ్యాపారి ఈ వ్యవహారం అర్థం కాక రెండు పాటలు పాడి మానేశాడు.

"మూడోసారి. దాలమ్మకి కొట్టేసినాం."

మైకు కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. అవసరం లేకపోయినా లాక్కున్నాడు.

"దాలమ్మప్పా! ఇంటికా, దేవునికా?"

"ఇంటికి పట్టుకెల్లి ఏటి సేసుకుంటానురా, ముద్దలో నంజుకుంటానా? దేవునికే!"

ఊరు ఈలలేసింది. థామస్‌గారి చెయ్యి భుజమ్మీంచి జారిపోయింది. తర్వాత కిటికీలు. ఒక్కో కిటికీ ఒక్కో వీధివాళ్లు చందాలేసుకుని పాడారు. బెంచీలు, ప్రసంగ వేదిక, గుమ్మం మెట్లు కూడా పాటకొచ్చాయి. అన్నీ దేవునికే. కోత పండగకి గుమ్మడికాయ దాటి పాడనివాళ్లు ఆ రోజు గడపరాయి మీద చెయ్యేసి పాడారు.

కాని జేబులు జేబులే. ఆఖరికి కప్పు మీది పెంకులు మిగిలేసరికి ఊరి దగ్గర పైకం అయిపోయింది. జగన్నాధం పైపంచె దులిపాడు. దాలమ్మ కొంగుముడి విప్పి చూపించింది. ఇంతసేపూ నవ్వుతూ చూస్తున్న దేవేంద్ర అప్పుడు చెయ్యెత్తాడు. కప్పు విప్పేస్తే కింద తలుపులు ఎవరివైతేనేం? ఒక్క వానాకాలం చాలు. ఆ సంగతి అతనికి తెలుసు, సీమోనుకీ తెలుసు.

దేవేంద్ర పాట మీద పాట లేదు. సీమోను "ఒకటోసారి" అన్నాడు. "రెండోసారి" అనడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఎవరైనా పాడతారేమోనని షామియానా చివర్ల దాకా చూశాడు. ఎవరూ లేరు.

"మూడోసారి. దేవేంద్రబాబుగారికి కొట్టేసినాం." "ఇంటికా బాబూ, దేవునికా?"

"నాకెందుకండీ ఆ ప్రశ్న?"

"అందర్నీ అడిగేదే బాబూ. అడక్కపోతే పాట చెల్లదు."

అలాంటి నిబంధన ఎక్కడా లేదు. థామస్‌గారు అది చెప్పబోయారు. కాని అప్పటికే ఊరంతా దేవేంద్ర నోటి వైపు చూస్తోంది. అతను చేతికున్న ఎర్ర తాడు సవరించుకున్నాడు. అతనివి మూడు చోట్ల పునాదులు తవ్వుతున్నారు. ప్రతి పునాదికీ కొబ్బరికాయ కొట్టాడు, నిమ్మకాయలు కట్టాడు, పక్కన దర్గా ఉంటే అక్కడా చాదర్ పంపాడు. ఏ దేవుడితోనూ తగువు పెట్టుకోకపోవడం అతని వ్యాపార సూత్రం. ఇప్పుడు ఇంతమంది ముందు, మైకులో, ఒక దేవుడి సొమ్ము "నా ఇంటికి" అనాలి.

"ఇంటికి అంటే..." అన్నాడు.

"పెంకుల దేవేంద్ర అంటారు, అంతే" అన్నాడు జగన్నాధం ఓదార్పుగా.

దేవేంద్ర లేచి నిలబడ్డాడు. చర్చి కప్పు వైపు చూసి, అలవాటుగా చెంపలేసుకున్నాడు.

"దేవునికేనండి" అన్నాడు, మైకుకి అందనంత మెల్లిగా. "ఆయనకిచ్చేశాక ఇంక నేను పడగొట్టలేను. థామస్‌గారూ, నా ముహూర్తం వేరేచోటికి మార్చుకుంటాను, ఏమనుకోకండి."

వినపడనివాళ్ల కోసం ఆ మాటని సీమోను మరోసారి గట్టిగా చెప్పాడు. అవతల హైవే మీద లారీవాడు కూడా విని ఉంటాడు.

మర్నాడు కమిటీ సమావేశమై, క్రమశిక్షణ పేరుతో సీమోనుని తొలగించింది. కూల్చివేత "తదుపరి ఉత్తర్వుల వరకు" వాయిదా వేసింది. ఉత్తర్వులు ఇవ్వాల్సింది ఎవరో రాయలేదు. వేలం డబ్బుతో గోడల బీటలకి సున్నం పెట్టించడానికి కమిటీయే ఒప్పుకుంది. ఎందుకంటే ఆ డబ్బు ఎవరికి తిరిగివ్వాలన్నా ఊరు పుచ్చుకోలేదు.

ఆదివారం పొద్దున సీమోను ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చుండిపోయాడు. కమిటీవాళ్లకి ముందు వరసలో కుర్చీలుంటాయి. ఇవాళ తనకి ఉండదు.

"ఏటి, కదలవేం?" అంది అప్పలమ్మ.

"నాకు కుర్చీ లేదే."

"గచ్చు ఉన్నాది. తుపాను నాడు కుర్చీలేసుకుని కూకున్నామేటి? లెగు. కాఫీ ఇక్కడ తాగుతావా, దార్లో తాగుతావా?"

ఆవిడ తనంతట తాను ఇన్ని మాటలు మాట్లాడి చాన్నాళ్లయింది. సీమోను లేచాడు.

చర్చి ముందు జనమంతా ఎండలో నిలబడి ఉన్నారు. చెదపట్టకుండా జగన్నాధం తెల్లారకముందే వచ్చి గుమ్మం తలుపులకి జీడినూనె పట్టించాడు. నల్లగా మెరుస్తున్నాయి. అంటుకుంటే చర్మం పొక్కుతుంది, బట్టకంటితే వదలదు. అతను తలుపు ముందు చేతులు చాపి నిలబడ్డాడు.

"ఎవులూ ముట్టుకోకండి, ఆరనేదు. సీమోను బావా, నివ్వు కూడా."

"తలుపు దేవుడికిచ్చీసినావు కదరా బావా" అన్నాడు సీమోను.

"ఇచ్చినాను. ఆయనకి నూనె రాసే తీరికెక్కడిది?"

పాస్టరుగారు వాచీ చూసుకుని, చివరికి బయటే పాట మొదలెట్టమన్నారు. మైకు లోపలుంది. అందరూ సీమోను వైపు చూశారు. అతను ఎత్తుకున్నాడు, సంఘం అందుకుంది. చెట్టు నీడన కూర్చున్న రైతులు కూడా పల్లవి కలిపారు.

తెల్లప్యాంటు మడత నలక్కుండా తలుపుకి దూరంగా, సీమోనుకి రెండడుగుల అవతల నిలబడ్డ థామస్‌గారు గొడుగు విప్పారు. సీమోనుకి కనపడేలా మొహం అవతలికి తిప్పుకున్నారు. రెండో చరణం దగ్గర ఎండకి సీమోను గొంతు కాస్త తడబడింది. థామస్‌గారు మొహం అటే ఉంచుకుని, గొడుగు మాత్రం సీమోను వైపు కొంచెం వంచారు.

అప్పలమ్మ అది చూసి ఊరుకోలేదు.

"ఇద్దరూ కాస్త జరగండి. ఎండ నాకూ కొడతన్నాది" అని మధ్యలో దూరి నిలబడింది.